గోదావరి లంకల్లో మట్టి వయసెంతో, ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చే శాంపిళ్లకు వెళ్తున్నారా?

వరద వచ్చిందంటే లంకల్లో గొయ్యి తవ్వలేం. ఈలోపే వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

వెలుతురు: ఇసుక చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో లెక్కగట్టే శాంపిల్ ఇది. రెండు నిమిషాల ఎండకే ఆ లెక్క చెరిగిపోతుంది. ఇనుప గొట్టాన్ని గొయ్యి గోడలోకి దిగ్గొట్టి, రెండు చివరలూ మూసి, నల్ల కవర్ చుట్టండి. ఫోన్ ఫ్లాష్ కూడా వద్దు.

బాణం గుర్తు: నిలువుగా దించిన గొట్టం తీయగానే పైకొన ఎటో బాణం వేయండి. తర్వాత ఎవరికీ గుర్తుండదు.

చోటు: ఇసుక తవ్విన రేవులు వద్దు, పొరలు కలిసిపోయి ఉంటాయి.

కార్బన్ డేటింగ్ (కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టడం): కలప బొగ్గు కంటే గింజ మేలు. చెట్టు అప్పటికే ముసలిది కావచ్చు. దూదిలో చుట్టకండి, దాని కార్బన్ కూడా కలిసి లెక్క తప్పుతుంది.

ఉపనదులు: ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మట్టి కూడా గుప్పెడేసి తెచ్చుకోండి. లంక మట్టిలో దక్కన్ నల్లరేగడి ఎంత, తూర్పు కనుమల మట్టి ఎంత అన్నది వీటితో పోల్చి చూస్తేనే తేలుతుంది.