పాత కారును విదేశానికి పంపాలా, అక్కడే ఇంకోటి కొనాలా: ఎలా తేల్చుకోవాలి?

వీసా రాగానే ఇంట్లో పంపకాలు మొదలవుతాయి. ఫ్రిజ్ చెల్లెలికి, సోఫా పక్క ఫ్లాట్ వాళ్లకి, బీరువా ఊరికి. సెల్లార్‌లో ఉన్న కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎటూ తేలదు. పదేళ్లు నడిపిన బండి, ఇంజన్ ఇంకా బాగుంది, అమ్ముదామంటే చెప్పే రేటు వింటే కడుపు మండుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు అంటారు: ‘కంటైనర్‌లో వేసి తీసుకెళ్లిపోండి, మా బావగారి ఫ్రెండ్ అలాగే పట్టుకెళ్లాడు.’

ఆ మాట వినగానే షిప్పింగ్ ఏజెంట్‌కు ఫోన్ చేయకండి. డబ్బు కడితే ఆయన దేన్నైనా ఓడెక్కిస్తాడు. దిగాక దాన్ని రోడ్డెక్కనిస్తారా లేదా అన్నది ఆయన తలనొప్పి కాదు. ముందు ఆ దేశం రూల్ చూడాలి, ఆ తర్వాత రిపేర్ల సంగతి, డబ్బు లెక్క ఆఖర్న. చాలా ఇళ్లలో ఈ వరుస తిరగబడుతుంది, అందుకే నెల రోజులు చర్చించినా తేలదు.

1. ఆర్సీ తీసి, తయారీ తేదీ చూడండి

రిజిస్ట్రేషన్ తేదీ కాదు, కారు తయారైన నెల, సంవత్సరం. దిగుమతి రూల్స్ ఎక్కువగా దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. అది ముందు పెట్టుకుంటే సగం దేశాల సంగతి అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

అమెరికా అయితే అక్కడి భద్రతా ప్రమాణాలకు తయారు కాని కారుకు 25 ఏళ్లు నిండాలి. మన రోడ్ల కోసం తయారైన 2014 మోడల్ ఐ20 ఎంత మెరుస్తున్నా దానికి అక్కడ చోటు లేదు. కెనడాలో ఇదే లెక్క 15 ఏళ్లు. సింగపూర్ సరిగ్గా దీనికి ఉల్టా: మూడేళ్లు దాటిన పాత కారును రానివ్వదు. దుబాయ్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉండాల్సిందే, మన కారుకు రిజిస్ట్రేషన్ ఇవ్వరు. సౌదీలోనూ స్టీరింగ్ ఎడమవైపే, పైగా అయిదేళ్లు దాటిన కారును దిగుమతి చేసుకోనివ్వరు.

ఈ దేశాల్లో దేనికి వెళ్తున్నా మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. నేరుగా 5వ అంచెకు వెళ్లండి.

ఆస్ట్రేలియాలో మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి ఆశ పుడుతుంది. కానీ కారు ఓడెక్కకముందే అక్కడి ప్రభుత్వం నుంచి దిగుమతి అనుమతి చేతికి రావాలి. అనుమతి లేకుండా వెళ్లిన బండి పోర్టులోనే చిక్కుకుంటుంది. అక్కడ ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే నార ఖనిజం) మీద పూర్తి నిషేధం ఉంది. పాత బండ్లలో బ్రేకు ప్యాడ్లు, గ్యాస్కెట్లలో అది లేదని చూపించమంటారు. ఇక మట్టి. చక్రాల పైన, చాసిస్ మూలల్లో గట్టిపడ్డ మట్టి పెళ్లలు కనిపిస్తే కడిగించి, ఆ ఖర్చు మీకే వేస్తారు. మూడు వర్షాకాలాలు ఔటర్ సర్వీస్ రోడ్ల మీద తిరిగిన కారు కింద ఏముంటుందో మీకే తెలుసు.

2. బ్రిటన్ అయితే కాస్త ఆగి లెక్క వేయాలి

స్టీరింగ్ కుడివైపే, నడిపేదీ ఎడమవైపే. మీరు కనీసం 12 నెలలు బ్రిటన్ బయట ఉండి, కారు కనీసం ఆరు నెలలుగా మీ పేరున ఉండి మీరే వాడుతూ ఉంటే, మకాం మార్చేవాళ్లకిచ్చే ‘ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్’ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అది దొరికితే దిగుమతి సుంకం, వ్యాట్ రెండూ ఉండవు. లేకపోతే మామూలుగా 10 శాతం సుంకం, దాని పైన 20 శాతం వ్యాట్. రాయితీ తీసుకున్నాక 12 నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. కారు చేరిన 14 రోజుల్లో అక్కడి పన్నుల శాఖకు తెలియజేయాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. బ్రిటన్‌లో పదేళ్లు దాటిన కారుకు విడిగా వాహన ఆమోద పరీక్ష అక్కర్లేదు, మామూలు ఎంఓటీ పరీక్ష (అక్కడ ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) పాసైతే చాలు. ఆరేళ్ల కారు కంటే పన్నెండేళ్ల కారుకే పని సులువు. అయినా స్పీడోమీటర్ మైళ్లలో చూపించాలి, వెనకవైపు ఫాగ్ లైటు ఉండాలి. మన హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి వెనక ఆ లైటే ఉండదు, పెట్టించుకోవాల్సి వస్తుంది.

అసలు దెబ్బ డీజిల్ బండికి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ నగరమంతటికీ యూలెజ్ అనే కాలుష్య రుసుం వర్తిస్తోంది. యూరప్ పొగ ప్రమాణాల్లో డీజిల్ అయితే యూరో 6, పెట్రోల్ అయితే యూరో 4 ఉండాలి, లేకపోతే బండి తీసిన రోజుకు 12.50 పౌండ్లు. మన దగ్గర బీఎస్6 (భారత్ స్టేజ్, మన పొగ ప్రమాణం) తప్పనిసరి అయింది 2020 ఏప్రిల్ 1న. అంతకుముందు కొన్న డీజిల్ కార్లు దాదాపు అన్నీ బీఎస్4 లేదా అంతకంటే పాతవే, బీఎస్4 అంటే సుమారుగా యూరో 4 స్థాయి. నెలకు 22 రోజులు ఆఫీసుకు వెళ్తే 275 పౌండ్లు దానికే పోతాయి. పెట్రోల్ బండికి కొంత నయం. హైదరాబాద్‌లో బీఎస్4 2010లోనే వచ్చింది కాబట్టి యూరో 4 గడప దాటే అవకాశం ఉంది, కానీ కాగితాలతో నిరూపించుకోవాలి. లండన్‌కు దూరంగా ఉండబోతున్నారా? అయితే ఈ పేరా మర్చిపోండి.

3. అక్కడ మెకానిక్ ఎవరు?

మీ మోడల్‌ను ఆ దేశంలో అమ్మారా అని చూడండి. పేరు ఒకటే అయితే సరిపోదు, ఇంజన్ కూడా అదే కావాలి. టాటా ఇండికా కొన్నాళ్లు సిటీరోవర్ పేరుతో బ్రిటన్‌లో అమ్ముడైంది, అంతమాత్రాన ఇవాళ అక్కడి గ్యారేజీలో దాని పార్టు దొరుకుతుందని కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మధ్యాహ్నానికల్లా చేతికొచ్చే క్లచ్ ప్లేటు కోసం అక్కడ వారాలు ఎదురుచూడాలి. సెలవులకు వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో ఆవకాయ పక్కన సస్పెన్షన్ బుష్‌లు పట్టుకెళ్లే ఓపిక ఉందా, నిజంగా ఆలోచించుకోండి.

ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా ఇప్పుడే తెప్పించుకోండి. బయటి నుంచి తెచ్చిన కారంటే కొన్ని కంపెనీలు తీసుకోవు, తీసుకునేవి ఎక్కువ అడుగుతాయి. నా లెక్కలో ఓడ ఛార్జీ కంటే ఇదే ముఖ్యం. ఓడ ఖర్చు ఒక్కసారే, ఇది ఏటా ఉంటుంది.

4. కొటేషన్ చదవడం

పై మూడూ దాటితేనే షిప్పింగ్ వాళ్లకు ఫోన్ చేయండి. హైదరాబాద్‌కు సముద్రం లేదు. సనత్‌నగర్ కంటైనర్ డిపోలోనే కారు ఎక్కించి సీల్ వేస్తారా, లేక ట్రక్కు మీద ముంబయికో చెన్నైకో తీసుకెళ్లి అక్కడ ఎక్కిస్తారా అని మొదటే అడగండి. ఆ ట్రక్కు ఖర్చు కొటేషన్‌లో ఉందా అన్నది రెండో ప్రశ్న.

‘పోర్టు టు పోర్టు’ అని రాసి ఉంటే సగం బిల్లే చూపిస్తున్నారని అర్థం. అవతల దింపుడు ఛార్జీలు, అక్కడి కస్టమ్స్ ఏజెంటు ఫీజు, డెలివరీ ఆర్డర్ (కారును మీకు అప్పగించమనే కాగితం) ఫీజు, కాగితాలు ఆలస్యమైతే రోజుకింత చొప్పున డెమరేజీ, పోర్టు నుంచి ఇంటికి ట్రక్కు: ఇవన్నీ దిగాక మీ మెడకే చుట్టుకుంటాయి. ప్రతి అంశం పక్కన రూపాయలు వేసి రాసివ్వమనండి. రాసివ్వడానికి నసిగితే ఇంకో ఏజెంటును చూసుకోండి.

20 అడుగుల కంటైనర్ లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. చిన్న హ్యాచ్‌బ్యాక్ వెడల్పు 1.7 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే అటూ ఇటూ ఒక అడుగు. లోపలికి నడిపిన మనిషి తలుపు పూర్తిగా తీయలేడు, పక్కకు ఒరిగి దూరి బయటికి రావాలి. డోర్ అంచు గీతలు పడేది ఇక్కడే. కాబట్టి ఎక్కించే ముందు నాలుగు వైపులా, లోపల డ్యాష్‌బోర్డు, ఓడోమీటర్ రీడింగ్ తేదీతో ఫొటోలు తీసుకోండి. మెరైన్ ఇన్సూరెన్స్ గీతలకు, సొట్టలకూ వర్తిస్తుందా, ఓడ మునిగితేనే డబ్బిస్తుందా అడగండి. చౌక పాలసీలు తరచూ రెండో రకం.

లోన్ ఎప్పుడో తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం మామూలే. బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 (లోన్ తీరిందని చెప్పే ఫారం) తీసుకుని ఆర్టీఏలో ఆ పేరు తీయించండి. చాసిస్ నంబరు, ఆర్సీలో నంబరు ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

ఇప్పుడు డబ్బు లెక్క. అందరూ వదిలేసేది ఒకటుంది: ఇవాళ ఇక్కడ అమ్మితే వచ్చే ధర కూడా ఖర్చే. ఉదాహరణకు మీ కారుకు మూడు లక్షలు వస్తాయనుకోండి. పంపడానికి, దింపడానికి, అక్కడి పరీక్షలకు అన్నీ కలిపి మరో మూడు లక్షలు అనుకోండి. అంటే మీరు అక్కడ ఆరు లక్షలు పెట్టి పన్నెండేళ్ల కారు కొన్నట్టు. ఆ డబ్బుకు అక్కడే ఎలాంటి సెకండ్ హ్యాండ్ కారు వస్తుందో చూడండి. బ్రిటన్‌లో అయితే ఏ కారుకైనా నంబరు కొట్టి ఎంఓటీ చరిత్ర ఉచితంగా చూడొచ్చు, ఎప్పుడు ఏ లోపంతో ఫెయిలైందో కూడా తెలుస్తుంది. రెండేళ్లలో తిరిగి వచ్చేసే ఉద్దేశం ఉంటే పంపే ఆలోచన పూర్తిగా మానేయండి. మన దేశంలోకి పాత కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబయి పోర్టులోనే దిగాలి, సుంకాలు కారు విలువను మించుతాయి. వెళ్లిన కారు తిరిగి రాదు.

నా అభిప్రాయం సూటిగా: పాత పెట్రోల్ కారు, బ్రిటన్‌లో లండన్ బయట మకాం, ఆ మోడల్ అక్కడా అమ్ముడైంది, రాయితీ దొరుకుతోంది. ఈ నాలుగూ కలిస్తే ఆలోచించండి. ఒక్కటి తప్పినా ఇక్కడే వదిలించుకోండి.

5. ఇక్కడ ఏం చేయాలి?

‘నాన్నగారు అప్పుడప్పుడూ స్టార్ట్ చేస్తార్లే’ అని సెల్లార్‌లో వదిలేసి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకే చోట ఒత్తుకుపోతాయి, బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫీజు, ఫిట్‌నెస్ పరీక్ష రెండూ ఉంటాయి. ఇంట్లో రోజూ నడిపేవాళ్లుంటే వాళ్ల పేరు మీదకు మార్చండి, లేదంటే అమ్మేయండి.

అమ్మేటప్పుడు పేరు మార్పిడి కోసం ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, తాళాలిచ్చి విమానం ఎక్కేయకండి. ఆర్సీలో పేరు మారేదాకా ఏ ప్రమాదం జరిగినా బాధ్యత మీదే. 2018లో సుప్రీంకోర్టు కూడా రిజిస్టర్‌లో పేరున్న వ్యక్తినే యజమానిగా చూడాలని చెప్పింది. ప్రయాణానికి కనీసం నెల ముందే అమ్మకం పెట్టుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) లెటర్ తీసుకోండి, మూడేళ్లలో ఇక్కడ మళ్లీ కారు కొంటే ఆ తగ్గింపు దక్కుతుంది, అక్కడి కంపెనీ ఒప్పుకుంటుందేమో కూడా అడిగి చూడొచ్చు. పెండింగ్ చలాన్లు కట్టేసి, ఫాస్టాగ్ మూసేయించండి. లేకపోతే కొన్నవాళ్లు విజయవాడ వెళ్లినప్పుడల్లా టోల్ మీ ఖాతాలోంచి కట్ అవుతుంది.