నకలు నివేదికల బెడద ఎలా తీరిందంటే

మా తరగతి పిల్లలకు సైన్స్ ప్రాజెక్టు ఇచ్చినప్పుడల్లా ఇంటర్నెట్ నుంచి దించిన ఒకే మూస నివేదికలు వస్తుండటంతో, ఎక్కడా రెడీమేడ్‌గా దొరకని అంకెలనే అడగాలని నిర్ణయించుకున్నాను. ప్రతి బృందం దారానికి నట్టు కట్టి లోలకం చేసి, పది డోలనాలను (అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటి చోటికి వస్తే ఒక డోలనం) ఫోన్‌లో వీడియో తీసి, కొలిచిన కాలాన్ని అందరికీ కనిపించే గూగుల్ షీట్స్ పట్టికలో నమోదు చేయాలి. మీటరు పొడవు లోలకానికి ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే సమయం, సుమారు 2 సెకన్లు రావాల్సి ఉండగా ఒక బృందానికి 1.8 వచ్చింది, వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే, నట్టును వదిలిన క్షణంలోనే "ఒకటి" అని లెక్క మొదలుపెట్టినందువల్ల తొమ్మిది డోలనాలే పదిగా నమోదయ్యాయని పిల్లలే పట్టుకున్నారు. పనంతా ఒక్కరిమీదే పడకుండా, ఎవరు ఏది నమోదు చేశారో తెలిపే పట్టికలోని మార్పుల చరిత్ర చూసి మార్కులు వేస్తున్నాను.