తుఫాను డ్యూటీకి వెళ్లేవాళ్ల మనసుకూ జాగ్రత్తలు కావాలి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కోస్తాకు గండకాలం. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న, విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చాయి. ఈ రోజుల్లో టార్చిలైట్లు, మందులు ముందే సర్దుకుంటాం. సాయానికి వెళ్లే ఆశా కార్యకర్తలు, సచివాలయ సిబ్బంది, లైన్‌మెన్లు, శవాలు వెలికితీసే కుర్రాళ్ల మనసు సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. ఇల్లు కూలింది వాళ్లది కాదు కదా, "నీకేమైందిరా?" అంటాం. ఆ ఒక్క మాటతో వాళ్లిక నోరు విప్పరు.

బయల్దేరేముందే ఇద్దరిద్దరు జతగా ఏర్పడండి. ఒకరు తిండీ నిద్రా మానేస్తుంటే రెండోవారు ఆపి చెప్పాలి. శవాల దగ్గర పని, బంధువులకు కబురు చెప్పే పని రోజూ ఒకరికే వేయకూడదు. ఇది పైఅధికారి బాధ్యత, మొహమాటం లేకుండా అడగండి.

తిరిగొచ్చాక నిద్ర పట్టకపోవచ్చు. చూసినవే కళ్లముందు మెదలొచ్చు, వాన చప్పుడుకే గుండె దడదడలాడొచ్చు, ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కోవచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో ఇవి నెమ్మదిస్తాయి. అప్పటిదాకా ఇంట్లోవాళ్లు వేళకు అన్నం పెట్టి, పడుకోనిచ్చి, దగ్గర్లో ఉంటే చాలు. "అక్కడేం చూశావో చెప్పు" అని గుచ్చిగుచ్చి అడగొద్దు. తనంతట తాను చెబితే మధ్యలో సలహాలివ్వకుండా వినండి. అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా ఒకేసారి చెప్పించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మంచి మనసుతోనే అయినా ఇంకా చాలాచోట్ల అదే చేస్తున్నారు, దయచేసి ఆపండి. నిద్ర కోసం మందు తాగడం, సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవడం అసలే వద్దు.

దూరాన ఉన్నవాళ్లకూ ఒక మాట. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఆ వారమంతా రోజుకు 6 గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లలో, పేలుళ్ల దగ్గరున్నవాళ్లకన్నా ఎక్కువ ఒత్తిడి కనిపించింది. ఊరి వీడియోలు ఆగకుండా చూసే హైదరాబాద్, డాలస్ పిల్లలు వాటిని చూడటానికి రోజుకు రెండు వేళలు పెట్టుకోండి. ఊళ్లో ఒక్కరి ద్వారా కబురు తెప్పించుకోండి.

నెల దాటినా తగ్గకపోయినా, పని చేసుకోలేకపోతున్నా మానసిక వైద్యుణ్ని కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే నెలదాకా ఆగొద్దు, ఆ క్షణమే ఎవరితోనైనా చెప్పండి. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. డ్యూటీకి వెళ్లేముందే ఆ నంబరు మీ ఫోన్‌లో, ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఎక్కించండి.