పాత కారుకి కొత్త ఆల్టర్నేటర్: కొనే ముందు ఏం చూడాలి, ఎలా ఎంచుకోవాలి

మారుతి 800, జెన్, పాత శాంత్రో, అంబాసిడర్, ఇండికా... ఏ బండైనా పదిహేనేళ్లు దాటాక ఏదో ఒక రోజు డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలుగుతుంది, ఇక ఆరదు. "డైనమో పోయింది, మార్చేద్దాం" అంటాడు మెకానిక్. ఇంజన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ని మన దగ్గర ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. నిజమైన డైనమో వేరు, దాని సంగతి కింద చెప్తాం. ఆంపియర్లు ఒక్కటే చూసి కొత్తది తెచ్చుకుంటే, తీరా బిగించేటప్పుడు పుల్లీ కలవదు, లేదా ప్లగ్గు కలవదు. అందుకే షాపుకి వెళ్లే ముందే కొంత పని ఉంది.

1. పోయింది అదేనా, ముందు తేల్చుకోండి

రెండు మూడొందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉండాలి. 12.2 ఉంటే బ్యాటరీ సగం ఖాళీ అయినట్టు. ఇంజన్ స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్ అన్నీ వేసి కొంచెం రేస్ చేసినా 13.5కి తగ్గకూడదు. 15 దాటితే కటౌట్, అంటే వోల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటర్, పోయినట్టు. అలాగే నడిపితే బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయి.

ఇంజన్ నడుస్తున్నా 12.3 దగ్గరే ఉందంటే ఛార్జింగ్ లేదు. అప్పుడు కూడా తొందరపడొద్దు. ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్ట్ వదులైందేమో చూడండి. లైట్లు వేసి ఉంచి రేస్ చేస్తూ, మీటర్ ఒక కొసని ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావు వైరు బోల్టుకి, రెండోదాన్ని బ్యాటరీ ప్లస్‌కి పెట్టండి. తేడా 0.3 వోల్టులు దాటితే తప్పు వైరుదో, దాని కొసన తుప్పు పట్టిన లగ్గు (బోల్టు దూరే రింగు)దో. అలాగే ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 దాటితే ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌ని బాడీకి కలిపే కనెక్షన్, సరిగా లేదు. పాత బండ్లలో ఎర్త్ పట్టీ తుప్పు పట్టడం చాలా మామూలు. ఇసుక కాగితంతో రుద్ది బిగిస్తే తీరిపోయే జబ్బుకి ఆల్టర్నేటర్ మార్చినవాళ్లు ఎందరో ఉన్నారు.

డాష్‌బోర్డులో ఆ ఎర్ర బల్బుని కూడా చూడాలి. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది వెలగాలి. చాలా పాత ఆల్టర్నేటర్లు మొదట ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే మేల్కొంటాయి. బల్బు మాడిపోయినా, దాని చోట ఎల్ఈడీ పెట్టినా ఆ కరెంటు చాలదు, ఛార్జింగ్ మొదలవదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోందా? పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు, ఆల్టర్నేటర్ వెనక భాగం మీద చెయ్యి పెట్టండి. ఇంజన్ అంతా చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా తగిలితే లోపలి డయోడ్ (కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే భాగం) లీకవుతోంది, రాత్రంతా దానిలోంచి కరెంటు పారుతూనే ఉంది.

ఒక్క పని మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకండి: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడటం. రోడ్డు పక్కన ఇది ఇంకా జరుగుతూనే ఉంది. పీకిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది, డయోడ్లు పోతాయి. ఎంపీఎఫ్ఐ బండైతే, అంటే కంప్యూటర్ అదుపులో పెట్రోల్ చిమ్మే ఇంజన్ ఉన్నదైతే, ఆ కంప్యూటర్ (ఈసీఎం) కూడా పోవచ్చు.

2. పాతదాని మీద ఏం రాసుందో చదవండి

విప్పాక బాడీ మీది ప్లేటుని కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. మసి కింద 12వి 45ఎ, 14వి 65ఎ లాంటి అంకెలు, పార్ట్ నంబరు కనిపిస్తాయి. 12వి అన్నా 14వి అన్నా ఒకటే. ఫోటో తీసుకోండి. ప్లగ్గునీ, వైర్ల రంగుల్నీ కూడా విప్పకముందే ఫోటో తీయండి.

పార్ట్ నంబరుని మించిన ఆధారం లేదు. మోడల్ పేరు చెప్పి అడిగితే పొరపాటు ఖాయం. ఎందుకంటే ఒకే కారులో ఏసీ ఉన్నదానికీ లేనిదానికీ, కార్బ్యురేటర్ బండికీ ఎంపీఎఫ్ఐ బండికీ వేర్వేరు ఆల్టర్నేటర్లు వచ్చి ఉండొచ్చు. పైగా మీ బండికి ఇదివరకే ఎవరో ఇంకో బండిది తగిలించి ఉండొచ్చు. నంబరు మీ మోడల్‌తో కలవడం లేదని షాపతను అంటే అనుమానించాల్సింది ఇదే.

3. ఎన్ని ఆంపియర్లు?

ఏసీ ఉన్న చిన్న కారు వానాకాలం రాత్రి సుమారుగా ఎంత లాగుతుందో చూడండి. హెడ్‌లైట్లు, చిన్న లైట్లు 11, ఇగ్నిషన్, పెట్రోల్ పంపు 8, బ్లోయర్ ఫుల్ మీద 10, కంప్రెసర్ క్లచ్ 3, రేడియేటర్, కండెన్సర్ ఫ్యాన్లు 13, వైపర్ 4, బ్రేక్ లైట్లు 3, పాటల సిస్టమ్ 3. మొత్తం 55 ఆంపియర్లు. ఫ్యాన్లు ఆగి ఆగి తిరుగుతాయి, బ్రేక్ లైట్లు ఎప్పుడూ వెలగవు కాబట్టి సగటున 40, 45 దగ్గర ఉంటుంది.

అయితే ప్లేటు మీది 65 అనేది ఆల్టర్నేటర్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పటి లెక్క. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఐడిల్‌లో 800 మీద ఉంటే ఆల్టర్నేటర్ 1600 నుంచి 2000 చుట్లే తిరుగుతుంది, అందులో దాదాపు సగమే ఇస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ, లైట్లు వేసుకుని గంటసేపు పాకితే లోటంతా బ్యాటరీయే భరిస్తుంది. కాబట్టి ఊళ్లో ఎక్కువ తిరిగే బండికి, దొరికితే, ఐడిల్‌లో ఎక్కువ ఇచ్చేది అడగండి.

ఆంపియర్లు ఎక్కువైతే వైరింగ్ కాలిపోతుందన్న భయం చాలామందికి ఉంది. ఆల్టర్నేటర్ తనంతట తాను కరెంటుని నెట్టదు, బండి అడిగినంతే ఇస్తుంది. కానీ బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు ఆ అడగడమే ఎక్కువవుతుంది. 45 నుంచి 65కి వెళ్తుంటే బ్యాటరీకి వెళ్లే లావు వైరు కూడా మార్చి, 10 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకుండా వేయించండి, ఫ్యూజ్ కూడా దానికి తగినదే ఉండాలి. సన్నటి వి-బెల్ట్ ఒక్కటే ఉన్న బండికి 70 దాటి వెళ్లొద్దు. బరువు పడ్డప్పుడల్లా బెల్ట్ జారి కీచుమంటుంది.

4. షాపు బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి

డబ్బులు ఇచ్చేది ఈ పని అయ్యాకే. ఇంజన్‌కి బిగించడానికి బాడీకి ఉన్న చెవుల దగ్గర మొదలుపెట్టండి. బోల్టు దూరే రంధ్రాల సైజు, రెండు చెవుల మధ్య దూరం, కింది చెవి నుంచి పై చెవికి ఉన్న కోణం స్కేలు పెట్టి కొలవండి. తర్వాత పుల్లీ. వి-బెల్టా, గాళ్ల బెల్టా? 4పీకే అంటే నాలుగు గాళ్లు, 5పీకే అంటే ఐదు. పుల్లీ వ్యాసం చిన్నదైతే వేగంగా తిరుగుతుంది, పెద్దదైతే ఐడిల్‌లో ఛార్జింగ్ తగ్గుతుంది. వెనక చెవి నుంచి పుల్లీ గాడి దాకా దూరంలో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా బెల్ట్ అంచు అరిగిపోతుంది.

బయట ఫ్యాన్ ఉన్న రకమైతే తిరిగే దిక్కు కూడా ముఖ్యం. కరెంటు ఏ దిక్కున తిరిగినా పుడుతుంది, గాలి మాత్రం ఎదురు తిరిగితే సరిగా రాదు. చాలా ఇంజన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతాయి. 1998 నాటి మొదటి హోండా సిటీ ఇంజన్ దానికి ఎదురు తిరుగుతుంది.

ప్లగ్గులో పిన్నులు లెక్కపెట్టండి. ఎల్ అంటే ఎర్ర బల్బు వైరు, ఐజి తాళం నుంచి వచ్చేది, ఎస్ బ్యాటరీ వోల్టేజిని చూసుకునేది. ప్లగ్గు ఒకేలా ఉన్నా పిన్నుల వరస మారొచ్చు, అక్షరాలు చదివే కలపండి. డీజిల్ బండిలో డబ్ల్యూ అనేది ఆర్‌పీఎం మీటరుకి.

డీజిల్ బండి వాళ్లు మరీ జాగ్రత్తగా చూడాల్సింది వాక్యూమ్ పంపు. టాటా సుమో, బొలెరో లాంటి చాలా పాత డీజిళ్లలో ఆల్టర్నేటర్ వెనకే ఈ పంపు ఉంటుంది, బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చేది ఇదే. పంపు లేనిది బిగిస్తే ఛార్జింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పంపుకి వచ్చే ఆయిల్ పైపు, తిరిగి వెళ్లే పైపు రెండూ పాతదానిలాగే ఉండాలి.

5. కొత్తదా, రిపేరా, స్క్రాప్‌దా?

చాలాసార్లు పోయేది కార్బన్లే, అంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లే. అరిగి 5 మిల్లీమీటర్లకి వచ్చాయంటే మార్చేయాలి. కార్బన్లు, కటౌట్, రెండు బేరింగులు మారిస్తే మంచి కంపెనీ ఆల్టర్నేటర్ ఇంకొన్నేళ్లు లాగుతుంది. పేరు తెలియని కొత్తదానికన్నా బాగు చేయించిన పాత లూకాస్ టీవీఎస్ గానీ డెన్సో గానీ మేలని మా అభిప్రాయం. స్టేటర్ వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) నల్లగా మాడి వాసన వస్తుంటే మాత్రం రిపేరు మీద డబ్బు పెట్టొద్దు. రీకండిషన్ చేసింది కొంటే లోపల ఏమేం మార్చారో బిల్లు మీద రాయించుకోండి, టెస్ట్ బెంచీ మీద లోడు పెట్టి చూపించమనండి. స్క్రాప్‌లో కొనాల్సి వస్తే పుల్లీని చేత్తో తిప్పి చూడండి. గరగర వినిపించినా, పుల్లీ అటూ ఇటూ ఊగినా వదిలేయండి.

అసలు డైనమో ఉన్న బండైతే

తొలితరం అంబాసిడర్లలో ఉండేది నిజంగా డైనమోనే, అంటే నేరుగా డీసీ కరెంటు ఇచ్చే పాత రకం. అది ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటర్‌కి మారుస్తుంటే ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిపి ఉందో చూడండి. బ్రిటిష్ డిజైన్‌తో వచ్చిన పాత బండ్లలో ప్లస్ ఎర్త్ ఉండొచ్చు. అలాగే బిగిస్తే డయోడ్లు వెంటనే కాలిపోతాయి. పాత కటౌట్ పెట్టెని వైరింగ్ నుంచి పూర్తిగా తప్పించాలి. డాష్‌బోర్డులో 30 ఆంపియర్ల అమీటర్ ఉంటే ఛార్జింగ్ కరెంటు అంతా దానిలోంచే పోతుంది, కాబట్టి దాన్ని తీసేసి వోల్ట్‌మీటర్ పెట్టించడం మంచిది.

6. బిగించే రోజు

బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, చివర్లో కలపండి. దిగిపోయిన బ్యాటరీని బయట ఛార్జర్ మీద నింపాకే స్టార్ట్ చేయండి. కొత్త ఆల్టర్నేటర్లు వారం తిరక్కుండా మాడిపోవడానికి పెద్ద కారణం, ఖాళీ బ్యాటరీని నింపే పని మొదటి రోజే వాటి మీద పెట్టడం. బెల్ట్ కొత్తది వేయండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 నుంచి 10 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే ముందు బేరింగు పోతుంది.

స్టార్ట్ చేసి మొదటి మెట్టులోని కొలతలన్నీ మళ్లీ తీసుకోండి. తర్వాత మీటర్‌ని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. 0.5 దాటిందంటే కొత్తదానిలోనూ డయోడ్ బాగాలేదు, అదే రోజు వెనక్కి ఇచ్చేయండి. కొత్త బెల్ట్ మొదట్లో సాగుతుంది కాబట్టి ఓ 300 కిలోమీటర్లు తిరిగాక దాని బిగువు మరోసారి చూసుకోండి.