పార్కిన్సన్స్ మాత్ర పట్టడం లేదా? ముందు గడియారం, కంచం చూడండి

మాత్ర వేసి గంటన్నరైనా కాళ్లు కదలకపోతే డోసు చాలడం లేదనుకుంటారు. చాలాసార్లు లోపం వేళలో ఉంటుంది. ఈ మాత్రలోని అసలు మందు లీవోడోపా, మెదడులో డోపమైన్‌గా మారుతుంది. అది పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారినే ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాలూ వాడుకుంటాయి. పప్పన్నం, పెరుగు తిన్న వెంటనే మాత్ర వేస్తే ఆ గుమ్మం దగ్గర తోపులాటే.

తిండికి అరగంట ముందో, తిన్న గంటన్నర తర్వాతో మంచినీళ్లతో వేయాలి. పొద్దున 6కు మాత్ర, 6.30 దాటాక కాఫీ, 7.30కి పెసరట్టు. వికారం పెడితే మాత్రతో పాటు చిన్న అరటిపండు తినొచ్చు, పాలు మాత్రం వద్దు. ఐరన్ మాత్రకు 2 గంటల ఎడం ఉండాలి. పేరులో ‘సీఆర్’ ఉన్నదాన్ని నూరకండి, నమలకండి. మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. ప్రోటీన్ మానేయడం పొరపాటు, మనిషి చిక్కిపోతాడు. రాత్రి భోజనానికి జరిపితే చాలు.

వాంతులకు మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు స్టెమెటిల్, సిన్నారిజిన్ ఇస్తుంటారు. ఇవి కదలికలను నడిపే డోపమైన్‌కు అడ్డుపడి బిగుతును పెంచుతాయి. మందు రాసే ప్రతి డాక్టరుకూ జబ్బు పేరు ముందే చెప్పండి. దూలగొండి పొడిలో ఉన్నదీ లీవోడోపానే. కొలత తెలియకుండా మాత్రల మీద కలిపితే ఒళ్లు మెలికలు తిరుగుతుంది. ఏ మాత్రనూ ఉన్నట్టుండి ఆపకూడదు. తీవ్ర జ్వరం, బిగుతు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఇవన్నీ సరిచేశాకా తర్వాతి మాత్ర వేళకు ముందే మందు ప్రభావం తగ్గిపోతుంటే 3 రోజులు అరగంటకోసారి రాయండి: మాత్ర వేళ, తిన్నది, ‘బాగుంది’, ‘బిగుసుకుంది’, ‘మెలికలు’. న్యూరాలజిస్టుకు స్కాన్ కంటే ఈ కాగితమే ఎక్కువ చెబుతుంది.

తర్వాతి మెట్టు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్: మెదడులో ఎలక్ట్రోడ్లు, ఛాతీ చర్మం కింద బ్యాటరీ. వణుకును పక్కన పెడితే, మాత్రకు తగ్గే బాధలే దీనికీ తగ్గుతాయి. మాత్ర వేసినా తూలుతున్నవారికి ఆ తూలు పోదు. మెదడు సంకేతాన్ని బట్టి కరెంటును తానే సవరించుకునే రకానికి అమెరికాలో 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. చర్మం కింద 24 గంటలూ మందు ఎక్కించే ఫాస్‌లీవోడోపా (ఒంట్లో లీవోడోపాగా మారే మందు) పంపుకు అక్కడే 2024 అక్టోబరులో వచ్చింది.

స్టెమ్ సెల్స్ (మూలకణాలు) వైద్యం మాటకొస్తే, క్యోటో విశ్వవిద్యాలయం 7గురిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అక్కడ కణాలను ఆపరేషన్ చేసి మెదడులోనే నాటారు. చేతి నరానికి ఇంజెక్షన్ ఇచ్చి లక్షలు అడిగేది ఆ వైద్యం కాదు. ఇది ట్రయల్ అని చెబితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిబంధన.