బీచ్‌లో పాట తీస్తే పెదవులు పాటతో కలవాలంటే

విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం తూర్పుకి ఉంటుంది. పొద్దున్నే సముద్రం వెనకపెట్టి తీస్తే మొహం నల్లగా వస్తుంది. అదే షాటు సాయంత్రం తీయండి, వెలుగు ఎదురుగా పడుతుంది.

ఫోన్‌లో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకనుకి లాక్ చేయండి. ఎండ ఎక్కువైతే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. ఆటో మోడ్‌లో వదిలేస్తే ఫ్రేమ్ రేటు మారుతూ, రెండో చరణానికల్లా పెదవులు పాటకి వెనకబడొచ్చు.

స్లోమోషన్ కావాలా? 50 ఫ్రేముల్లో తీస్తూ పాటను రెట్టింపు వేగంతో వినిపించండి. ఎడిటింగ్‌లో 25కి తెస్తే పెదవులు అసలు పాటతో సరిగ్గా కలుస్తాయి. ముందురోజు ఆ వేగంలో సాధన చేయకపోతే మాత్రం నవ్వులపాలే.

అలల హోరుంటుంది కాబట్టి పాట వినిపించే స్పీకర్ పాడేవారి పక్కనే, ఫ్రేము బయట పెట్టాలి. కెమెరా మైకు ఆపొద్దు, ఎడిటింగ్‌లో పాటను దృశ్యంతో కలపడానికి (సింక్) అదే ఆధారం.

లెన్సు మీద ఉప్పు తుంపర ప్రతి టేకుకీ తుడవండి. ఏ టేకు ఎందుకు చెడిందో అక్కడే రాసుకోండి. తర్వాత ఏం నేర్చుకున్నామో ఆలోచించి రాసుకోవడానికి (రిఫ్లెక్షన్) పనికొచ్చేది అదే.