తీర్మానంలో సందు దొరికితే నీటి సంఘం ఏం చేయాలి?

సుంకేసుల నుంచి కడప దాకా సాగే కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెట్టుకొని, కాలువలో మోటార్లు దించరాదని సంఘం తీర్మానం చేసిందనుకుందాం. ఎగువ రైతు ఒకరు కట్టకు అవతల, తన పొలంలోనే గొయ్యి తవ్వి, అందులోకి ఊరే నీటిని మోటారుతో తోడుకుంటారు. అడిగితే, మోటారు కాలువలో లేదు కదా అంటారు. ఆ మాట నిజమే. చివరి భూములకు చేరాల్సిన నీళ్లు తగ్గుతున్నాయన్నదీ నిజమే కావచ్చు.

కాబట్టి తగవుకు దిగేముందు ఊట ఎక్కడిదో తేల్చుకోవాలి. ఎగువ, దిగువ రైతులను ఇద్దరేసి వెంటబెట్టుకొని వెళ్లి, గొయ్యిని పూర్తిగా తోడించి, ఒక కర్రకు గుర్తులు పెట్టి, కాలువ పారే రోజున అది ఎన్ని గంటల్లో నిండుతుందో, కాలువ కట్టేసిన కొన్నాళ్లకు ఎన్ని గంటల్లో నిండుతుందో రాసుకోవాలి. రెండుసార్లూ ఒకేలా నిండితే అది చాలావరకు భూగర్భజలమే. దానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వేరే ఉంది. కాలువ ఆగాక ఊట కూడా పడిపోతే, అది వంతు నీరే.

అప్పుడు కూడా గడిచిన రోజులకు జరిమానా వేయకూడదు. రాయని నిబంధనకు శిక్ష వేసిన సంఘాన్ని రేపు ఎవరూ నమ్మరు, ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సర్వసభ్య సమావేశం పెట్టి, అమలు తేదీతో సహా తీర్మానాన్ని తిరగరాయాలి.

ఎక్కువ సంఘాలు తడబడేది ఇక్కడే. కట్టకు యాభై మీటర్లలోపు గొయ్యి ఉండరాదని రాస్తే, మరో గొయ్యి యాభై ఒకటో మీటరులో తేలుతుంది, పైగా తాతలనాటి బావి ఉన్న రైతు ఏ తప్పూ లేకుండా దోషి అవుతాడు. దూరాన్ని కాక ఉద్దేశాన్ని రాయాలి: వంతు లేని రోజున కాలువ నీటిని, కాలువ ఊటను ఏ దారిలోనూ తోడరాదు. మిరప నారు ఎండిపోతుంటే ఒక తడికి రాతపూర్వక అనుమతి ఇచ్చే వీలూ అందులోనే ఉండాలి. అనుమతి పొందినవారి పేర్లు తూము దగ్గర అందరికీ కనిపించేలా రాయాలి, అధ్యక్షుడి బంధువులవైనా సరే.

ముసాయిదా సిద్ధమయ్యాక గొయ్యి తవ్విన రైతునే పిలిచి, చదివించి, ఇంకా సందు ఎక్కడుందో అడగాలి. ఆయన చూపిన చోటు సరిచేశాకే సంతకాలు తీసుకోవాలి.